చిల్లర నాణెముల నిష్క్రమణము, నగదు రూపములో మార్పులు: రైతు తెలిసికొనదగిన సంగతులు

రైతునకు పైకము వచ్చుట ఏడాదికి రెండు మూడు మారులు మాత్రమే. పోవుట ప్రతిదినమును జరుగును. వచ్చునప్పుడు పెద్ద నోట్లుగా వచ్చును. పోవునప్పుడు చిల్లరగా పోవును. కావున నోట్లయందును నాణెములయందును గలుగు మార్పులు నెలజీతము పుచ్చుకొను పట్టణవాసి కంటె రైతునకే ఎక్కువగా తగులుచుండును. అయినను ఈ మార్పులను గూర్చిన యథార్థము పల్లెకు చేరులోపల వదంతి ముందుగా చేరుచున్నది. "పది రూపాయల బిళ్ల చెల్లదట", "అర్ధరూపాయి రద్దయినదట", "పాత నూరు రూపాయల నోటు తీసికొనరట" అను మాటలు సంతలో పుట్టి యింటింటికి పాకుచున్నవి. వాటిని నమ్మి మంచి నాణెమును తక్కువకు వదలుకొన్నవారు కలరు. నిజముగా గడువు ముగియబోవుచున్నప్పుడు తెలియక నష్టపడినవారును కలరు. ఈ రెండు విధములైన నష్టములనుండియు మన సభ్యులు తప్పించుకొనుటకై ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

మూడు విధములైన మార్పులు

నగదునకు సంబంధించిన మార్పులు మూడు విధములు. ఈ భేదమును గ్రహించినచో వదంతులలో సగము వాటంతట అవియే తొలగిపోవును.

మొదటిది రూపము మారుట. క్రొత్త బొమ్మతో, క్రొత్త పరిమాణముతో, క్రొత్త రంగుతో నోటు గాని నాణెము గాని వెలువడును. పాతది దానితోపాటు చెల్లుచునే యుండును. దీనివలన ఎవరికిని నష్టము లేదు.

రెండవది ఉపసంహరణము. ప్రభుత్వమువారు గాని రిజర్వు బ్యాంకువారు గాని ఒక నాణెమును లేక నోటును చెలామణినుండి తీసివేయ నిశ్చయించి, ముందుగా ప్రకటించి, మార్చుకొనుటకు గడువిత్తురు. మెలకువగా నున్నవానికి దీనివలనను నష్టము లేదు. ఏమరియున్నవానికి నష్టము కలుగవచ్చును.

మూడవది రద్దు. ప్రకటన వెలువడిన రాత్రినుండియే నోటు చెల్లుబాటు తొలగిపోవును. మనదేశమున 1946లోను, 1978లోను, 2016లోను ఇట్లు జరిగినది. ఇండ్లలో రొక్కము దాచుకొనువారికి దీనివలన కలుగు చిక్కు మిక్కిలి పెద్దది.

ఇక ముందు ఏదైన వార్త వినవచ్చినప్పుడు "ఈ మూడింటిలో ఇది ఏది?" అని మొదట ప్రశ్నించుకొనవలెను. రూపము మారుటనే రద్దని భ్రమించుట వలననే కలవరము పుట్టుచున్నది.

చిన్న నాణెములు ఏల అంతరించును?

చిల్లర అంతరించుట మనకు క్రొత్త గాదు. గవ్వలు చిల్లరగా చెల్లిన కాలము పోయి "చిల్లిగవ్వ లేదు" అను మాట మాత్రము మిగిలినది. పిమ్మట రూపాయికి పదునాఱు అణాలు, అణాకు నాలుగు కానులు, కానికి మూడు దమ్మిడీలు వాడుకలో నుండెను. లెక్కకు రూపాయికి 192 దమ్మిడీలు. రెండణాలను బేడ యనియు నాలుగణాలను పావలా యనియు పిలుచుచుండిరి. వీనిలో నేడొక్క నాణెమును చెల్లదు. అయినను "దమ్మిడీకి కొఱగాడు" అను మాట నేటికిని మన నోట నున్నది.

నాణెము అంతరించుటకు ముఖ్యకారణములు రెండు. ధరలు పెరిగిన కొలదియు చిన్ననాణెముతో కొనదగిన వస్తువు లేకపోవుట యొకటి. లోహపు వెలయు ముద్రణవ్యయమును నాణెముపై వ్రాసిన విలువను మించిపోవుట రెండవది. లోహము వెల పెరిగినప్పుడెల్ల ప్రభుత్వములు మొదట లోహమును మార్చి చూచును. 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి. 1947 నాటికి నికెలు రూపాయి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున లోహమును మిగుల్చుటకై 1943 నుండి నడుమ రంధ్రము గల కానిని ముద్రించిరి. చిల్లికాని యని మన పెద్దలు చెప్పునది అదియే. తరువాతి కాలమున చిన్నపైసలను అల్యూమినియము మిశ్రమముతో చేసిరి. 1988 నుండి పది, ఇరువదియైదు, యేబది పైసల నాణెములను తుప్పుపట్టని ఉక్కుతో చేసిరి. ఎంత చవుక లోహము వాడినను ముద్రణవ్యయము తప్పదు గదా. ఆ స్థితికి వచ్చిన తరువాత నాణెమును తీసివేయుట తప్ప వేఱు మార్గము లేదు.

ఇది యొక్క మనదేశమునకే పరిమితము గాదు. కెనడా దేశమున ఒక సెంటు నాణెము ముద్రించుటకు 1.6 సెంట్లు వ్యయమగుచుండెను. అందువలన 2012 మే నెలలో దాని ముద్రణమును ఆపి, 2013 ఫిబ్రవరి 4వ తేదీనుండి పంపిణీని గూడ నిలిపివేసిరి. వారు ఏర్పరచుకొన్న పద్ధతి మనము గమనింపదగినది. కొన్న వస్తువుల ధరలను ఒక్కొక్కటిగా మార్చరు. పన్నుతో సహా మొత్తము వేసిన పిమ్మట ఆ మొత్తమును మాత్రమే సమీపములోని అయిదు సెంట్లకు సరిచేయుదురు. నగదుగా చెల్లించినప్పుడు మాత్రమే యీ సవరణ. చెక్కు ద్వారా గాని కార్డు ద్వారా గాని చెల్లించినచో సెంటుతో సహా లెక్కింతురు. మొత్తమును ఒక్కమారే సరిచేయుట యనునదే ఇందలి కీలకము. ఇది మన లెక్కలకెట్లు వర్తించునో ముందు చెప్పబడును.

అణాలనుండి నయాపైసలకు

మన పెద్దలు చూచిన గొప్ప మార్పు 1957 ఏప్రిలు 1వ తేదీన జరిగినది. 1955లో చేసిన సవరణ చట్టము ననుసరించి ఆనాటినుండి రూపాయికి నూరు నయాపైసలని లెక్క యేర్పడెను. 1964 జూను 1వ తేదీన "నయా" అను పదమును తీసివేసి పైస యని మాత్రమే పిలువసాగిరి.

ఈ మార్పులో నొక చిక్కు గలదు. అణాకు సరియైన విలువ ఆరుంబావు నయాపైసలు. పావు నయాపైసకు నాణెము లేదు. కావున మార్పిడి పట్టికలో ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలుగా నిర్ణయించిరి. ఇపుడొక లెక్క చూడుడు. దినమునకు ఒక అణా చొప్పున పాలమ్మినవానికి ఏ పూటకాపూట ఆరు నయాపైసల చొప్పున ఇచ్చినచో పదునాఱు దినములకు 96 నయాపైసలే ముట్టును. పదునాఱు దినముల మొత్తమును కూడి యొక్కమారే లెక్కించినచో పదునాఱణాలకు నిండు రూపాయి, అనగా 100 నయాపైసలు ముట్టును. వస్తువు మారలేదు, ధర మారలేదు. లెక్క చేసిన తీరు మాత్రమే మారినది. తేడా రూపాయికి నాలుగు నయాపైసలు.

తెలంగాణమున మఱియొక అనుభవము గలదు. హైదరాబాదు సంస్థానమునకు వేఱు నాణెములును, 1918 నుండి వేఱు నోట్లును ఉండెను. ఆ రూపాయిని ఉస్మానియా సిక్కా యనియు హాలీ సిక్కా యనియు, బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనియు పిలుచుచుండిరి. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ సిక్కా యని మారకపు లెక్క. అనగా ఏడు హాలీలకు ఆఱు కల్దార్లు. సరిహద్దు గ్రామముల రైతు సంత దాటిన ప్రతిమారును ఈ లెక్క వేసికొనవలసి యుండెను. లెక్క తెలిసినవాడు నిలిచెను. తెలియనివాడు మారకపు వర్తకుని మాటపై ఆధారపడెను. సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట 1950లో ప్రభుత్వాధీనమైన హైదరాబాదు టంకశాల నేటికిని పనిచేయుచున్నది. 1903లో సైఫాబాదునకు చేరిన ఆ టంకశాలను 1997లో చర్లపల్లికి మార్చిరి. నాణెముపై సంవత్సరము క్రింద చిన్న నక్షత్రపు గుర్తున్నచో అది హైదరాబాదున ముద్రించినదని తెలిసికొనవచ్చును.

2011లో పోయినవి, నేటికిని చెల్లునవి

ఇరువదియైదు పైసలును అంతకు లోబడిన నాణెములును, అనగా 1, 2, 3, 5, 10, 20, 25 పైసల బిళ్లలు, 2011 జూను 30వ తేదీనుండి చెల్లవని 2010 డిసెంబరులోనే ప్రభుత్వమువారు ప్రకటించిరి. 2011 జూను 29వ తేదీ సాయంకాలము వఱకు బ్యాంకులలో మార్చుకొనుటకు గడువిచ్చిరి. ఆ గడువు దాటిన పావలా నేడు జ్ఞాపకార్థము దాచుకొనదగిన లోహపుముక్కయే. ఆఱుమాసముల గడువున్నను, ముంతలలోను డబ్బాలలోను దాచిన చిల్లరను అనేకులు మార్చుకొనలేదు. ఇది ఉపసంహరణమున కలుగు నష్టమునకు మంచి ఉదాహరణము.

అయితే ఏబది పైసల నాణెము రద్దు కాలేదు. నేటికిని అది చట్టప్రకారము చెల్లునదే. 2011 నాణెముల చట్టము ప్రకారము రూపాయియు అంతకు మించిన నాణెములును ఒక చెల్లింపులో వేయి రూపాయల మొత్తము వఱకును, ఏబది పైసల నాణెములు పది రూపాయల మొత్తము వఱకును చెల్లును. ఈ పరిమితి ఋణము తీర్చుట, వెల చెల్లించుట మొదలగు వాటికే. బ్యాంకులో మన ఖాతాయందు నాణెములు జమకట్టుటకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకువారు స్పష్టము చేసియున్నారు. నూరేసి నాణెములను ఒక్కొక్క సంచిలో కట్టి తీసికొనిపోయినచో లెక్కించువారికిని మనకును సులభముగా నుండును.

పది రూపాయల నాణెము సంగతి మిక్కిలి చింతింపదగినది. తెలుగునాట పెక్కుచోట్ల అంగళ్లవారు దీనిని తీసికొన నిరాకరించుచున్నారు. ఒకే విలువకు పలు బొమ్మలుండుటయే ఈ యనుమానమునకు మూలము. కొన్నిటిపై రూపాయి గుర్తు గలదు, కొన్నిటిపై లేదు. ఆ గుర్తును ప్రభుత్వమువారు స్వీకరించినది 2010 జూలైలో. నాణెములపై అది 2011 నుండి వచ్చెను. అంతకు పూర్వపు నాణెములపై అది లేకుండుట సహజము. పదునాలుగు విధములైన పది రూపాయల నాణెములు వెలువడినవనియు, అన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకువారు 2018 జనవరి 17వ తేదీన ప్రకటించిరి. మంచి నాణెమును నిరాకరించువాడు తన యజ్ఞానమువలన ఎదుటివాని చేతిలోని పైకమును నిరుపయోగము చేయుచున్నాడు. మన సంఘపు దుకాణములలోనైనను ఇట్లు జరుగరాదు.

2019 మార్చి 7వ తేదీన ఒకటి, రెండు, అయిదు, పది, ఇరువది రూపాయల క్రొత్త నాణెముల శ్రేణి వెలువడెను. చూపులేనివారు తడిమి గుర్తించుటకు వీలుగా వీనిని రూపొందించిరి. విలువ పెరిగిన కొలది పరిమాణమును బరువును పెరుగును. ఇరువది రూపాయల నాణెము పండ్రెండు అంచులు గలది. దానికి పోలికయైనది మఱొకటి లేదు. ఈ నాణెములపై ధాన్యపు చిత్రము గలదు. స్వతంత్ర భారతమున 1950లో వెలువడిన మొదటి రూపాయి నాణెముపై గూడ రాజు తలకు బదులు అశోకుని సింహములును, వెనుక కంకులును ముద్రింపబడెను. దేశపు పైకముపై రైతు పంటకు స్థానము దొరకుట మనకు సంతోషకరమే.

పైస పోయినను లెక్కలో పైస పోలేదు

నాణెము పోయినంతమాత్రమున పైస పోలేదు. బ్యాంకువడ్డీ పైసలలో పడును. పెట్రోలు ధర పైసలలో నుండును. పాలకు వెన్నశాతమునుబట్టి కట్టు ధరయు పైసలలోనే వచ్చును. చేతికిచ్చు నాణెము మాత్రమే లేదు. ఇక్కడనే రైతు జాగ్రత్త పడవలెను.

ఉదాహరణమునకు ఒక సభ్యుడు ఉదయము 4.3 లీటర్లు, సాయంకాలము 3.8 లీటర్లు పాలు పోయుచున్నాడనుకొందము. లీటరు ధర 41 రూపాయల 20 పైసలు. ఉదయపు పాలకు 177.16 రూపాయలు, సాయంకాలపు పాలకు 156.56 రూపాయలు రావలెను. పూటపూటకు చీటీలో పైసలను వదలివేసి 177, 156 అని వ్రాసినచో దినమునకు 72 పైసలు, ముప్పది దినములకు 21 రూపాయల 60 పైసలు, సంవత్సరమున పండ్రెండు నెలలకు 259 రూపాయల 20 పైసలు పోవును. నూరుగురు సభ్యులున్న కేంద్రములో అందఱికి నిట్లే జరిగినచో సంవత్సరమునకు 25,920 రూపాయలు. ఎవరును దొంగిలింపకయే, ఎవరును గమనింపకయే ఇంత మొత్తము రైతుల చేతినుండి జారిపోవును.

అదే సభ్యుని లెక్కను పైసలతో సహా వ్రాసికొని నెలాఖరున మొత్తము వేసినచో 10,011 రూపాయల 60 పైసలు వచ్చును. దానిని ఒక్కమారే సమీపపు రూపాయికి సరిచేసినచో 10,012 రూపాయలు ముట్టును. పూటపూటకు పైసలు వదలినచో ముట్టునది 9,990 రూపాయలే. అణాల కాలమున పాలమ్మినవానికి జరిగినదియు ఇదియే గదా.

కావున సవరణకు రెండు నియమములు గుర్తుంచుకొనవలెను. చీటీచీటీకి గాక చెల్లింపు మొత్తమునకు ఒక్కమారే సవరింపవలెను. మఱియు సవరణ రెండు దిక్కులను సమముగా జరుగవలెను. ఏబది పైసలకు తక్కువైనచో వదలుట, ఏబదియు అంతకు మించినచో రూపాయిగా లెక్కించుట. వస్తుసేవల పన్ను చట్టమున గూడ పన్ను మొత్తమును ఇట్లే సమీపపు రూపాయికి సరిచేయవలెనని నియమము గలదు. ఎల్లప్పుడును క్రిందికే సవరించువాడు మన సొమ్ము తినుచున్నాడు. ఎల్లప్పుడును పైకే సవరించి అమ్మువాడును అంతే. చిల్లర లేదని మిఠాయిబిళ్ల చేతిలో పెట్టువానితో "చిల్లర లేనిచో లెక్కలో వ్రాయుము" అని చెప్పుట తప్పు గాదు.

నోట్ల క్రొత్త రూపము

1938లో రిజర్వు బ్యాంకు తొలి నోటు వెలువడినప్పుడు దానిపై ఆఱవ జార్జి రాజు బొమ్మ యుండెను. స్వాతంత్ర్యానంతరము అశోకస్తంభము వచ్చెను. 1996లో మహాత్మా గాంధి బొమ్మతో పూర్తి శ్రేణి వెలువడెను. 2016 నుండి క్రొత్త శ్రేణి మొదలయ్యెను. ఇందు ప్రతి నోటునకును వేఱు రంగును వేఱు బొమ్మయు గలవు. పది రూపాయల నోటు గోధుమ వన్నె, కోణార్క సూర్యదేవాలయము. ఇరువది ఆకుపచ్చ కలిసిన పసుపు, ఎల్లోరా గుహలు. ఏబది నీలము, హంపి రాతిరథము. నూరు లేత ఊదా, రాణీ కీ వావ్ మెట్లబావి. రెండు వందలు పసుపు, సాంచి స్తూపము. అయిదు వందలు బూడిదవన్నె, ఎఱ్ఱకోట. వెనుకవైపు పదునైదు భాషలలో విలువ వ్రాయబడియుండును. అందు మన తెలుగు చివరినుండి రెండవది. చదువు వచ్చిన సభ్యుడెవ్వడైనను దానిని చూచుకొనవచ్చును. పూర్వపు గాంధి శ్రేణిలోని పది, ఇరువది, ఏబది, నూరు రూపాయల నోట్లును నేటికిని చెల్లును. పాతదగుట చేతనే ఎవరును నిరాకరింపరాదు.

రూపము మార్చుటకు ముఖ్యకారణము దొంగనోట్ల బెడద. పంట అమ్మిననాడు రైతు చేతిలోనికి ఒక్కమారుగా అయిదు వందల నోట్లు పెక్కు వచ్చును. తొందరలో నొక దొంగనోటు చేరినచో బ్యాంకువారు దానిని పట్టుకొని రసీదు ఇత్తురే గాని విలువ ఇయ్యరు. కావున పుచ్చుకొనునప్పుడే చూచుకొనవలెను. నోటును వెలుతురునకెత్తి పట్టినచో తెల్లనిచోట గాంధి బొమ్మ నీడవలె కనబడవలెను. నడుమ గల దారము, నోటును వంచి చూచినప్పుడు ఆకుపచ్చనుండి నీలమునకు మారవలెను. గాంధి బొమ్మయు అశోకస్తంభమును వ్రేలికి ఉబ్బెత్తుగా తగులవలెను. నూరు, రెండు వందలు, అయిదు వందల నోట్ల రెండు ప్రక్కలను వంకరగీతలు ఉబ్బెత్తుగా ముద్రింపబడియుండును. నూరునకు నాలుగు గీతలు. రెండు వందలకు నాలుగు గీతలును వాని నడుమ రెండు చిన్న వృత్తములును. అయిదు వందలకు అయిదు గీతలు. చూపు మందగించిన వృద్ధులు గూడ వ్రేలితో వీనిని లెక్కింపవచ్చును.

2016, 2023: రెండు పాఠములు

2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదు వందలు, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వెలువడెను. చెలామణిలోని నగదు విలువలో నూటికి ఎనుబదియాఱు పాళ్లు ఆ రెండు నోట్లే. అది రబీ విత్తనముల కాలము. నవంబరు 14వ తేదీన రిజర్వు బ్యాంకువారు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు పాతనోట్లను మార్చుటకు గాని జమకట్టుకొనుటకు గాని వీలు లేదని ఉత్తరువు చేసిరి. సహకార సంఘములపై ఆధారపడిన రైతులకు ఇది పెద్ద దెబ్బయై తగిలినది. తమకు పరిచితమైన బ్యాంకు గుమ్మము మూసికొనిపోగా దూరపు వాణిజ్యబ్యాంకుల యెదుట వారు బారులు తీరవలసి వచ్చెను. నవంబరు 21వ తేదీన, ప్రభుత్వ విత్తన కేంద్రములలో పాత అయిదు వందల నోట్లతో విత్తనములు కొనుటకు రైతులకు అనుమతి లభించెను. రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల నోట్లలో 15.31 లక్షల కోట్ల రూపాయలు తిరిగి బ్యాంకులకు చేరినవని తరువాత రిజర్వు బ్యాంకు లెక్కలు తెలిపినవి. నోట్లు దాదాపుగా అన్నియు తిరిగివచ్చినను, రైతు పోగొట్టుకొన్న అదను మాత్రము తిరిగిరాలేదు.

2023 మే 19వ తేదీన రెండువేల రూపాయల నోటును ఉపసంహరించిన తీరు వేఱు. నోటు చెల్లుబాటు తీసివేయలేదు. బ్యాంకులలో మార్చుకొనుటకు మొదట సెప్టెంబరు 30 వఱకు గడువిచ్చి, దానిని అక్టోబరు 7 వఱకు పొడిగించిరి. పిమ్మట హైదరాబాదుతో సహా పందొమ్మిది రిజర్వు బ్యాంకు కార్యాలయములలో నేరుగా గాని, తపాలా ద్వారా గాని పంపుకొను ఏర్పాటు చేసిరి. పెట్టె అడుగున అట్టి నోటు ఇంకను మిగిలియున్నవారు దానిని పాఱవేయ నక్కఱ లేదు. సగము ధరకు కొందుమని తిరుగు దళారులకు అమ్మవలసిన పనియు లేదు.

చిరిగిన నోటునకు విలువ

వానకు తడిసి, చెదలు తిని, ఎలుకలు కొఱికి నోట్లు పాడగుట పల్లెలలో తఱచు. వాటిని తక్కువ వెలకు కొను వ్యాపారులు సంతలకు వచ్చుచుందురు. నియమములు తెలిసినచో వారితో పనిలేదు. ఇరువది రూపాయల వఱకు గల నోటునకు విడిపోని పెద్దముక్క సగమునకు మించి యున్నచో పూర్తి విలువ ఇత్తురు. లేనిచో ఏమియు రాదు. ఏబది రూపాయలును అంతకు మించిన నోటునకు పెద్దముక్క నూటికి ఎనుబది పాళ్లకు మించి యున్నచో పూర్తి విలువ. నలువదికిని ఎనుబదికిని నడుమ నున్నచో సగము విలువ. నలువదికి తక్కువైనచో ఏమియు రాదు. కావున చిరిగిన నోటు ముక్కలను వేఱువేఱుగా పాఱవేయక, ఒకచోట చేర్చి బ్యాంకునకు తీసికొనిపోవలెను.

సంఘములు చేయదగినవి

పై సంగతులనుబట్టి ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున ఆలోచింపదగిన విషయములు కొన్ని గలవు. పాలచీటీలు, తూనికచీటీలు, వడ్డీ లెక్కలు పైసలతో సహా వ్రాయవలెను. చెల్లింపు సమయమున ఒక్కమారే రెండు దిక్కులను సమముగా సవరింపవలెను. ఆ నియమమును కార్యాలయపు గోడపై పెద్దక్షరములతో వ్రాయించి, చదువురాని సభ్యునకు కార్యదర్శి నోటితో తెలుపవలెను. ఏబది పైసలనుండి ఇరువది రూపాయల వఱకు గల ప్రతి నాణెమును సంఘపు దుకాణమున తీసికొని, తిరిగి చిల్లరగా ఇయ్యవలెను. సంఘము తీసికొనుచున్నదని తెలిసినచో ఊరి అంగళ్లవారును క్రమముగా తీసికొందురు. చిరిగిన నోట్లను సభ్యులనుండి రసీదుపై చేకూర్చి, నెలకొకమారు బ్యాంకులో మార్పించి ఇచ్చుట గూడ మంచి సేవ. పంట కొనుగోలు దినములలో నోట్లను చూచి చెప్పగల యువకుని నొకనిని కాటా యొద్ద నిలుపవలెను.

సభ్యులు చేయదగినది ఒక్కటియే. పంట సొమ్మును ఇంటి పెట్టెలో నిలువయుంచక ఖాతాలో వేసికొని, ఖర్చునకు కావలసినంత మాత్రము చేతిలో నుంచుకొనవలెను. ఖాతాలోని అంకెకు బొమ్మ లేదు, రంగు లేదు. నోటు రూపము మారినను, నాణెము పోయినను, ఆ యంకె తఱుగదు. చేతినున్న ప్రతి రూపాయియు చెమటోడ్చి సంపాదించినదే గనుక, దానిలోని తుది పైస వఱకు లెక్క అడుగుట రైతు హక్కు. ఆ లెక్కను ఒప్పజెప్పుట సంఘము ధర్మము.